బస్తీ ఇళ్ల పునర్నిర్మాణం: ఆఫీసు సేవకి ఒక్క స్టార్

అదే స్థలంలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు కట్టిస్తామని సర్కారు ఇళ్ల ఆఫీసు వాళ్లంటే నమ్మి, పాత ఇల్లు ఖాళీ చేసి తాళం చేతికిచ్చాం. 18 నెలలన్నారు, నాలుగేళ్లయింది. అద్దె మేమే కట్టుకుంటున్నాం. ఆఫీసుకి వెళ్తే “ఫైలు పైన ఉందమ్మా” అంటారు, కూర్చోమని కూడా అనరు.

సమాచార హక్కు చట్టం కింద ఒప్పందం, బిల్లుల నకళ్లు అడిగాను. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. పై అధికారికి మొదటి అప్పీలు వేశాకే కాగితాలొచ్చాయి. మా బ్లాకు మెట్లకి గ్రానైట్ వేసినట్టు బిల్లు! వెళ్లి చూస్తే మెట్ల అంచుల్లో తుప్పుపట్టిన చువ్వలు పొడుచుకొచ్చి ఉన్నాయి. కడుపు మండిపోయింది. పనులు తనిఖీ చేసి, సిమెంటు నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. నిన్న ఆ దరఖాస్తే పెట్టి వచ్చాను. మీ బస్తీ ఖాళీ చేయమంటే, గడువూ అద్దె సంగతీ కాగితం మీద రాసిచ్చేదాకా తాళం ఇవ్వకండి.