దిగడం తెలియని గ్రాఫు చూపి కొత్త సర్వర్ అంటగడుతున్నరు, జాగ్రత్త

మిర్యాలగూడల ఒక రైసుమిల్లుకు అమ్మిన లినక్స్ సర్వర్ మానిటరింగ్ ప్యాకేజీ సంగతి ఇది. అమ్మినోళ్ల పేరు రాస్తలేం. నల్లగొండ, మహబూబ్‌నగర్ దవాఖానలకు, కాలేజీలకు కూడా ఇదే సరుకు చూపెడుతున్నరు.

డెమోల "సెకనుకు కొత్త ప్రాసెస్‌లు" (ప్రాసెస్ అంటే సర్వర్‌ల నడిచే ఒక్కో ప్రోగ్రాము) అని ఒక గ్రాఫు ఉంటది. పొద్దుటికంటె మాపటికి, నిన్నటికంటె ఇయ్యాల పైకే పోతది. "లోడ్ పెరుగుతున్నది, ఈ సర్వర్ ఇంక మొయ్యదు" అంటరు. లినక్స్‌ల /ప్రాక్/స్టాట్ ఫైలుల 'ప్రాసెసెస్' అనే లైనున్నది. సర్వర్ బూట్ (ఆన్) అయినకాడి నుంచి పుట్టిన ప్రాసెస్‌ల మొత్తం అది. కరెంటు మీటరు రీడింగు లెక్క, తగ్గేదే ఉండదు. ఆ రీడింగునే రేటు అని గీసిన్రు. తూకం బిల్లులు బందయినంక సర్వర్ రీబూట్ చేసి చూడండి. గ్రాఫు సున్నా కాడికి పడిపోతె దొంగ దొరికినట్టే.

రేటు కావాలంటే రెండు రీడింగుల తేడాను మధ్యల గడిచిన సెకన్లతో భాగించాలె. 'విఎంస్టాట్ -ఎఫ్' (vmstat -f) అనే కమాండు కొట్టి, 60 సెకన్లు ఆగి మళ్ల కొట్టండి. మొదట 8,41,200 ఫోర్క్‌లు (పుట్టిన ప్రాసెస్‌లు), తర్వాత 8,41,800 వస్తె సెకనుకు 10. సిస్‌స్టాట్ అనే టూల్ ప్యాకేజీ ఉంటే 'సార్ -డబ్ల్యూ 1 60' (sar -w 1 60) ఈ లెక్క తనే చేసి పెడతది. పైసా ఖర్చు లేదు.

డెమోకు వచ్చినోళ్లతోని బ్యాష్‌ల (కమాండ్లు కొట్టే షెల్) 1000 సార్లు తిరిగే లూపుల /బిన్/ట్రూ (/bin/true, ఏ పనీ చెయ్యకుండ ముగిసే చిన్న ప్రోగ్రాము) నడిపించండి. పూర్తి పాత్ రాయాలె. ఉత్త 'ట్రూ' అని రాస్తె బ్యాష్ తనలోనే చేసుకుంటది, ఒక్క ప్రాసెస్ కూడా పుట్టదు. (ఈ చిన్న కిటుకుతోనే తప్పించుకుంటరు.) సరైన టూలయితె గీత ఒక్కసారి లేచి దిగుతది. నిమిషానికోసారి పీఎస్ (ఆ క్షణాన నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండు) జాబితా చూసి లెక్కగట్టేదానికి ఆ వెయ్యీ కనపడనే కనపడవు, చూసేలోపే పుట్టి పోయినయి.

ఏజెంటు (ఆ ప్యాకేజీ మీ సర్వర్‌ల నడిపే ప్రోగ్రాము) సంగతి ఇంకా ఘోరం. అది చేసే ఒక్కో చెక్కుకు (తనిఖీకి) షెల్, పీఎస్, గ్రెప్, ఆక్, డబ్ల్యూసీ: ఐదు ప్రాసెస్‌లు. 10 సెకన్లకోసారి 30 చెక్కులంటే సెకనుకు 15 అదే పుట్టిస్తది. ఏజెంటు ఆపి ఒక నిమిషం, నడిపి ఒక నిమిషం కొలవండి.

ఈ లెక్కల థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములోపల పక్కపక్కన నడిచే పనులు) కూడా కలుస్తయి, జావా సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌ల అంకె పెద్దగ కనపడితె గాబరా పడకండి. ఏ ప్రోగ్రామ్ మొదలైతున్నదో పేరుతోని కావాలంటే రూట్‌గ (పూర్తి అధికారాలున్న యూజర్‌గ) 'ఎగ్జెక్‌స్నూప్' (execsnoop) అనే టూల్ నడపండి. అడ్వాన్స్ మాత్రం రీబూట్ అయినంక గ్రాఫు చూసినాకనే ఇవ్వండి.