సొంత విభాగపు ప్రయోగశాలా, బెంగళూరు వేసవి ఫెలోషిప్పా: అనంతపురం భౌతికశాస్త్ర విద్యార్థికి ఏది మేలు?

అనంతపురంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రంలో చేరి, పరిశోధన వైపు వెళ్లాలనుకునే విద్యార్థికి ముఖ్యంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది, తన విభాగంలోనే ఒక ఆచార్యుని పర్యవేక్షణలో, తరగతులు ముగిశాక ఏడాది పొడవునా ప్రయోగశాలలో పనిచేయడం. రెండవది, బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు ఎంపికై, రెండు నెలలు ఏదైనా పెద్ద సంస్థలో గడపడం. రుసుము కట్టి కొద్ది వారాల్లో సర్టిఫికెట్ తెచ్చుకునే ఆన్‌లైన్ శిక్షణలు కూడా ఉన్నాయి గాని, పరికరాన్ని తాకకుండా ప్రయోగం నేర్చుకోవడం సాధ్యం కాదు కనుక వాటిని ఈ పోలికలోకి తీసుకురావడం లేదు.

బెంగళూరు ఆకర్షణ నిజమైనదే. సర్ సి.వి. రామన్ 1948లో స్థాపించిన రామన్ పరిశోధన సంస్థలో లేజర్లతో పరమాణువులను చల్లబరిచే ప్రయోగాలు, ద్రవ స్ఫటికాల అధ్యయనం జరుగుతున్నాయి. అటువంటి చోట విద్యార్థి పొందే పెద్ద లాభం పరికరాల కంటే చర్చల వల్ల కలుగుతుంది. ఒక ఫలితాన్ని పదిమంది కలిసి ఎలా ప్రశ్నిస్తారో, పరిశోధన పత్రాన్ని ఎలా చదువుతారో అక్కడ ప్రత్యక్షంగా చూడవచ్చు. ఫెలోషిప్ భృతి ఇస్తుంది కనుక ఇంటిపై భారం కూడా పడదు. అయితే రెండు నెలల కోసం వచ్చినవారికి కోట్ల విలువ చేసే ప్రయోగాన్ని ఎవరూ పూర్తిగా అప్పగించరు. సాధారణంగా ఒక చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూటో, కొంత డేటా విశ్లేషణో చేతికి వస్తుంది. పని పట్టుబడుతున్న సమయానికి గడువు ముగుస్తుంది.

సొంత విభాగంలోని పని విలువ తెలియాలంటే మన ఊరి ఉదాహరణే చూడాలి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ఇస్రో సహకారంతో చాలా ఏళ్లుగా ఏరోసాల్ పరిశోధన, అంటే గాలిలో తేలియాడే సూక్ష్మకణాల అధ్యయనం, జరుగుతోంది. ఇందులో వాడే ఏథలోమీటర్ గాలిని ఒక వడపోత పట్టీ గుండా లాగి, దానిపై చేరిన మసి ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచి, గాలిలో బ్లాక్ కార్బన్, అంటే మసి, ఎంత ఉందో తెలియజేస్తుంది. ఉదయం వాహనాల పొగ, పొయ్యిల పొగ నేలను అంటిపెట్టుకున్న పలుచని గాలిపొరలో చిక్కుకుంటాయి కాబట్టి విలువలు పెరుగుతాయి. ఎండ ముదిరి ఆ పొర పైకి విస్తరించాక మధ్యాహ్నానికి తగ్గుతాయి. చలికాలంలో విలువలు ఎక్కువ, నైరుతి రుతుపవనాల వానలు గాలిని కడిగినప్పుడు తక్కువ. ఈ మార్పునంతా తన చేతులతో కొలిచి చూడాలంటే విద్యార్థికి ఏడాది కావాలి. వేసవి రెండు నెలల్లో ఒకే రుతువు కనిపిస్తుంది.

అంతకంటే ముఖ్యమైన పాఠం మరొకటి ఉంది. పట్టీపై మసి పేరుకున్నకొద్దీ పరికరం అసలు విలువ కంటే తక్కువ చూపించగలదు. గ్రాఫులోని తగ్గుదల గాలిలో జరిగిందా, పరికరంలో జరిగిందా అని అనుమానించడం, సవరణ చేయడం, ఆ రోజే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవడం అనే అలవాట్లు దీర్ఘకాలం ఒకే యంత్రంతో మెలిగినవారికే అబ్బుతాయి. ప్రయోగ భౌతికశాస్త్రానికి ప్రాణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

అందువల్ల మొదట సొంత ప్రయోగశాల, ఆ తరువాతే బెంగళూరు అన్నది నా నిశ్చితాభిప్రాయం. ఈ క్రమానికి మరో ప్రయోజనం కూడా ఉంది. ఫెలోషిప్ దరఖాస్తులో ఆసక్తిని వివరించే చిన్న వ్యాసంతో పాటు ఉపాధ్యాయుని సిఫారసు లేఖ అవసరం. విద్యార్థి పనిని కొన్ని నెలలు దగ్గరగా చూసిన గురువు రాసే లేఖకు, హాజరుపట్టీలో మాత్రమే పేరు తెలిసినవారు రాసే లేఖకు ఎంతో తేడా ఉంటుంది.

ఈ అభిప్రాయం ఒక షరతుకు లోబడి ఉంది. విభాగంలో పరికరం మూలనపడి ఉన్నా, పర్యవేక్షకునికి తీరిక లేకపోయినా అక్కడ ఏడాది గడపడం వృథా. ఆచార్యుని అడిగేముందు ఆ ప్రయోగశాలలోని పరిశోధక విద్యార్థులను కలిసి, యంత్రం పాడైతే ఎవరు బాగుచేస్తారు, కొత్తవారిని దానిపై కూర్చోనిస్తారా అని విచారించాలి. జవాబు నిరాశాజనకంగా ఉంటే నేరుగా బెంగళూరుకు ప్రయత్నించడమే మంచిది. సైద్ధాంతిక భౌతికశాస్త్రం వైపు మొగ్గేవారి విషయమూ అంతే. వారికి పరికరం కంటే మంచి గురువు, మంచి గ్రంథాలయం ముఖ్యం.

కడప, కర్నూలు డిగ్రీ విద్యార్థుల పరిస్థితి కొంత వేరు. డిగ్రీలో ఇప్పుడు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి భాగం కనుక, ఆ సమయాన్ని ఏదో ఒక కార్యాలయంలో సంతకాల కోసం ఖర్చు చేయకుండా, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం వంటి చోట ప్రయోగశాలలో పనిచేయడానికి అనుమతి కోరవచ్చు. వాతావరణ భౌతికశాస్త్రంపై ఇష్టం ఉన్నవారు తిరుపతి సమీపంలోని గాదంకిలో, వాతావరణపు వివిధ పొరలను రేడియో తరంగాలతో పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలను కూడా గుర్తుంచుకోవాలి.

అకాడమీల ఫెలోషిప్ దరఖాస్తులు వేసవికి చాలా నెలల ముందే ముగుస్తాయి. కాబట్టి ఎమ్మెస్సీలో చేరిన తొలి వారాల్లోనే విభాగపు ప్రయోగశాల తలుపు తట్టినవారికి, దరఖాస్తు నింపే నాటికి చెప్పుకోవడానికి సొంతంగా చేసిన కొలతలు కొన్నైనా ఉంటాయి.