జాగ్రత్త: “గామ్‌స్టాప్‌లో లేని” సైట్లు జూదం మానేసినవాళ్ల కోసమే కాచుకుని ఉన్నాయి

యూకేలో ఉన్న మనవాళ్లందరికీ, ముఖ్యంగా ఇంట్లో ఎవరో ఒకరు బెట్టింగ్ మానాలని గామ్‌స్టాప్‌లో (తమని ఆన్‌లైన్‌లో జూదం ఆడనివ్వొద్దని పేరు ఇచ్చుకునే జాబితాలో) పేరు రాయించుకున్నవాళ్లకి రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి. మొన్న రాత్రి జరిగింది ఇది. కోపం ఇంకా తగ్గలేదు, వరస తప్పి రాస్తే మన్నించండి.

మా తమ్ముడి సంగతి. ఎమ్మెస్సీకి వచ్చాడు, చదువు అయిపోయింది, ఇప్పుడు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేస్తున్నాడు. అలవాటు ఇక్కడ మొదలైంది కాదు, హైదరాబాద్‌లో రమ్మీ యాప్‌లతోనే మొదలైంది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రాలో 2020 నుంచి నిషేధమే. అయినా ఫోన్‌లో లొకేషన్ మార్చుకుని ఆడే కుర్రాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. ఇక్కడికొచ్చాక లొకేషన్ మార్చే పని కూడా లేకుండా పోయింది. ఫుట్‌బాల్ పందాలు, స్లాట్లు, రూలెట్ అన్నీ చట్టబద్ధం, అన్నీ ఫోన్‌లోనే. అప్పులయ్యాయి, తీర్చాం. దాని గురించి ఇక్కడ రాయను.

పోయిన ఏడాది ఎవరూ బలవంతం చేయకుండానే వాడు నా పక్కన కూర్చుని గామ్‌స్టాప్‌లో చేరాడు. తెలియనివాళ్ల కోసం: మన పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, ఈమెయిల్, ఫోన్ నంబర్ ఇస్తే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ జూదం కంపెనీలన్నీ మనల్ని లోపలికి రానివ్వకూడదు. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు, ఏదైనా ఎంచుకోవచ్చు. ఆ గడువు లోపల మనమే బతిమాలినా తీసేయరు. డబ్బు కట్టక్కర్లేదు. వాడు ఐదేళ్లు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఫోన్‌లోనే ఏడ్చేసింది.

గామ్‌స్టాప్ మోసం అని నేను అనడం లేదు, ఆ మాట ముందే చెప్తున్నాను. అది 2018లో మొదలైంది. 2020 మార్చి 31 నుంచి గ్యాంబ్లింగ్ కమిషన్ (ఇక్కడ జూదం కంపెనీలకి లైసెన్సులిచ్చే సంస్థ) లైసెన్స్ ఉన్న ప్రతి ఆన్‌లైన్ కంపెనీ అందులో చేరి తీరాలి. మా వాడి విషయంలో అది పనిచేసింది. పాత అకౌంట్లన్నీ మూసుకుపోయాయి, కొత్తవి తెరవబోతే ఒప్పుకోలేదు. మనిషి తిండి తినడం, నిద్రపోవడం మొదలుపెట్టాడు. జీతం వచ్చిన రోజు ఇంటికి డబ్బు పంపాడు.

కానీ అది ఒక పేర్ల జాబితా. ఆ జాబితా చూడాల్సిన బాధ్యత లైసెన్స్ ఉన్నవాళ్లకే ఉంది. బయటి దేశాల్లో ఎక్కడో రిజిస్టర్ చేసుకుని, ఇక్కడ లైసెన్స్ లేకుండా ఇక్కడివాళ్లతో ఆడించే సైట్లు దాన్ని చూడవు. చూడకపోవడమే కాదు, దాన్నే ప్రకటన చేసుకుంటాయి. గూగుల్‌లో గామ్‌స్టాప్ అని కొట్టి చూడండి, “గామ్‌స్టాప్‌లో లేని బెస్ట్ క్యాసినోలు” అంటూ పేజీలకు పేజీలు వస్తాయి. చూడటానికి రివ్యూల్లాగే ఉంటాయి, స్టార్లు ఉంటాయి. అలాంటి పేజీలు పెట్టేవాళ్లకి పంపిన మనిషిని బట్టి కమిషన్ ముడుతుంది. ఒక్కసారి ఆలోచించండి. గామ్‌స్టాప్ అని వెతికేది ఎవరు? జూదంతో బాధపడి మానాలనుకునేవాడో, మానేసి ఒక బలహీనమైన రాత్రి తూలిపోతున్నవాడో. సరదాగా ఆడేవాడికి ఆ పేరుతో పనేముంది? కల్లు మానేసినవాడి గుమ్మం ముందే కల్లు కుండ దించినట్టు, వాళ్లు ఎంచుకున్నదే ఈ మనుషుల్ని.

మా వాడు అలాంటి పేజీ ఒకటి నొక్కాడు. షిఫ్టు అయిపోయి వచ్చిన ఒక తెల్లవారుజామున. ఆ సైట్ పేరు ఇక్కడ రాయను. ఒకటి మూస్తే ఇంకో పేరుతో తెరుస్తారు, పైగా నేను పేరు రాస్తే ఎవరో ఒకరు వెతుక్కుంటారు.

కొన్నాళ్లు ఆడాడు, పోగొట్టాడు. ఒక రాత్రి స్లాట్లలో డబ్బు వచ్చింది, అకౌంట్‌లో పదకొండు వందల పౌండ్ల పైన చేరింది. అప్పుడు వాడు ఒక మంచి పని చేశాడు. వీడియో తీసి ఫ్రెండ్స్‌కి పంపుకోలేదు, ఇంకా ఆడలేదు. విత్‌డ్రా కొట్టి కస్టమర్ చాట్ తెరిచాడు. ఆ చాట్ మొత్తం నేను చదివాను. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను.

వాడు రాసింది: “నేను గామ్‌స్టాప్‌లో ఉన్నాను. నాకు జూదం సమస్య ఉంది. దయచేసి నా డబ్బు పంపించి ఈ అకౌంట్ శాశ్వతంగా మూసేయండి.”

అవతలినుంచి వచ్చిన జవాబు: “మాతో పంచుకున్నందుకు థ్యాంక్స్. కంగారు పడకండి, మేము గామ్‌స్టాప్‌లో లేము కాబట్టి మీ ఆటకు ఏ అడ్డూ ఉండదు. మీకోసం వంద పౌండ్ల బోనస్ ఇప్పుడే వేశాను. గుడ్ లక్!”

ఈ ఒక్క ముక్క కోసమే ఇదంతా రాస్తున్నాను. నాకు జూదం సమస్య ఉంది అన్న మాట వాడు నాన్నకి ఇంతవరకు చెప్పలేకపోయాడు. నాకు చెప్పడానికి రెండేళ్లు పట్టింది. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు, గదిలో ఒక్కడే కూర్చుని, ఎవరో తెలియని మనిషికి ఆ మాట టైప్ చేశాడు, సాయం చేస్తారని. ఆ మాట చదివిన మనిషి, మనిషే అనుకుంటున్నాను, వాడి చేతిలో ఇంకో వంద పెట్టి ఆడమన్నాడు. సమస్య ఉందని విన్నాకే బోనస్ వేశాడు. వినకముందు కాదు.

మళ్లీ అడిగాడు. “బోనస్ వద్దు, మూసేయండి.” మీ రిక్వెస్ట్ టీమ్‌కి పంపాం అన్నారు. విత్‌డ్రా ఏమైందంటే పాస్‌పోర్ట్ ఫొటో అడిగారు, పంపాడు. కరెంటు బిల్లు అడిగారు. షేరింగ్ రూములో ఉండేవాడి పేరు మీద కరెంటు బిల్లు ఎక్కడినుంచి వస్తుంది? ఈలోగా స్క్రీన్ మీద విత్‌డ్రా పక్కనే “క్యాన్సిల్ చేసి ఆడండి” అన్న బటన్ మెరుస్తూనే ఉంది. ఇక్కడ లైసెన్స్ ఉన్న కంపెనీలకి 2021 అక్టోబర్ 31 నుంచి ఆ బటన్ నిషేధం. ఒకసారి డబ్బు వెనక్కి అడిగాక, దాన్ని రద్దు చేసుకుని మళ్లీ ఆడే దారి చూపించకూడదు. ఎందుకు నిషేధించారో ఆ రాత్రి చూస్తే తెలుస్తుంది. తెల్లారేసరికి సున్నా. బోనస్ పోయింది, పదకొండు వందలు పోయాయి, ఆ పైన కార్డు మీద ఇంకో ఆరు వందలు పోయాయి.

పొద్దున నాకు ఫోన్ చేసి, “అక్కా, నేను మూసేయమని అడిగాను, నిజంగా అడిగాను” అన్నాడు. ముందు ఆ మాటే అన్నాడు. డబ్బు సంగతి తర్వాత చెప్పాడు.

నేను వాడి ఫోన్ తీసుకుని ఆ చాట్‌లోకి వెళ్లాను. మర్యాదగానే రాశాను. నేను అతని అక్కని, అతను సమస్య చెప్పాక మీరు బోనస్ ఇచ్చారు, మీ పై అధికారితో మాట్లాడాలి అన్నాను. జవాబు: “మీ తమ్ముడు మైనర్ కాదు. ఆడమని మేము బలవంతపెట్టలేదు. మీ కుటుంబ సమస్యలు మీరు చూసుకోండి.” చాట్ మూసేశారు. అదే సాయంత్రం వాడి ఫోన్‌కి టెక్స్ట్ వచ్చింది, మిమ్మల్ని మిస్ అవుతున్నాం, రెండు వందల ఫ్రీ స్పిన్లు అని. అకౌంట్ మూయడానికి వాళ్లకి టీమ్ కావాలి. టెక్స్ట్ పంపడానికి ఎవరూ అక్కర్లేదు. లైసెన్స్ ఉన్న కంపెనీ అయితే, తనని ఇక ఆడనివ్వొద్దని అడిగినవాడికి ఖాతాలో మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చేయాలి, రెండు రోజుల్లోపు ప్రకటనల జాబితా నుంచి తీసేయాలి.

ఇక బ్యాంకు. వాడి బ్యాంకు యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ ఆన్‌లోనే ఉంది, నేనే పెట్టించాను. మరి డబ్బు ఎలా వెళ్లింది? ప్రతి కార్డు లావాదేవీకి ఆ వ్యాపారం ఏ రకమో చెప్పే ఒక కోడ్ ఉంటుంది. జూదానికి 7995. బ్లాక్ ఆపేది ఆ కోడ్‌ని. ఈ సైట్లు తమ కోడ్ పంపవు, ఇంకేదో దుకాణం పేరు మీద డబ్బు లాగుతాయి. వాడి స్టేట్‌మెంట్‌లో వచ్చింది ఒక బట్టల షాపు పేరు! చలికాలం, జాకెట్లు కొనుక్కుంటున్నాడు అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. బ్యాంకు వాళ్లేమో అతనే ఓకే చేసిన పేమెంట్ కదా అంటున్నారు. ఫిర్యాదు పెట్టాం, ఇంకా నడుస్తోంది. గ్యాంబ్లింగ్ కమిషన్‌కి సైట్ వివరాలు పంపాం. వాళ్లు సమాచారం తీసుకుంటారు కానీ పోయిన డబ్బు ఇప్పించరు. లైసెన్స్ ఉన్న కంపెనీ మీదైతే మధ్యవర్తి సంస్థకి వెళ్లొచ్చు. వీళ్ల మీద ఆ దారి కూడా లేదు.

ఊళ్లో బంధువులు, ఇండియాకి వచ్చేయమను, అక్కడ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది కదా, డబ్బు ఆటలన్నీ బంద్ అంటున్నారు. చట్టం వచ్చింది నిజమే, ప్రకటనలూ, బ్యాంకుల ద్వారా పేమెంట్లూ కూడా నిషేధించారు. కానీ వీణ్ని పట్టుకున్న సైట్ ఈ దేశం చట్టాన్ని లెక్కచేయలేదు, ఆ దేశం చట్టాన్ని చేస్తుందా? ఫోన్ జేబులోనే ఉంటుంది కదా, ఏ దేశంలో ఉన్నా. ఇంకో సంగతి. ఇలాంటి వార్త తెలియగానే పిల్లవాడిని తిట్టడం మొదలుపెట్టకండి. వాడు మానాలనే పేరు రాయించుకున్నాడు. మూసేయమని అడిగాడు. మోసం చేసింది అవతలివాడు.

నాకు తెలిసినవి చెప్తాను, ముందే తెలిసుంటే బాగుండేది. గామ్‌స్టాప్ ఒక్కదానితో ఆగకండి. గామ్‌బ్యాన్ అని ఒక యాప్ ఉంది, ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో జూదం సైట్లనే తెరుచుకోనివ్వదు, బయటి దేశాలవి కూడా. టాక్ బ్యాన్ స్టాప్ అనే పథకం ద్వారా యూకేలో ఉచితంగా ఇస్తారు. ఇంట్లో ఉన్న ప్రతి పాత ఫోన్‌లోనూ పెట్టాలి, ఒక్కటి వదిలినా లాభం లేదు. గామ్‌స్టాప్‌లో ఇచ్చిన వివరాలు కూడా సరిచూసుకోండి. మనం రూములు మారుతూ ఉంటాం, నంబర్లు మారుస్తాం, మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. అడ్రస్ మారితే వెంటనే అందులో మార్చండి, పాత ఈమెయిళ్లు కూడా ఇవ్వండి. హైస్ట్రీట్‌లోని బెట్టింగ్ షాపులకి గామ్‌స్టాప్ వర్తించదు, వాటికి వేరే పథకం ఉంది, విడిగా చేరాలి.

సైట్ అసలుదో కాదో ఎలా తెలుస్తుందంటే, పేజీ అడుగున గ్యాంబ్లింగ్ కమిషన్ పేరు, అకౌంట్ నంబరు ఉండాలి. ఆ నంబరు కమిషన్ వెబ్‌సైట్‌లోని పబ్లిక్ రిజిస్టర్‌లో దొరకాలి. క్రెడిట్ కార్డు తీసుకుంటోందంటే అక్కడే వదిలేయండి, లైసెన్స్ ఉన్నవాళ్లు 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డు తీసుకోకూడదు. మీవాళ్ల స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ వినని షాపుల పేర్లు, రాత్రి వేళల్లో, గుండ్రటి అంకెల్లో కనిపిస్తే అడగండి.

చాలామంది కుర్రాళ్లు వీసాకి ఏమన్నా అవుతుందేమో అని గామ్‌స్టాప్‌లో చేరడానికే భయపడుతున్నారు. అది హోం ఆఫీసు కాదు, విడిగా నడిచే సంస్థ. మాట్లాడాలంటే నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు. కుటుంబ సభ్యులు కూడా చేయొచ్చు, నేను చేశాను. ఎన్‌హెచ్‌ఎస్ జూదం క్లినిక్‌లు కూడా ఉన్నాయి, వాటి గురించి చెప్పింది వాళ్లే.

ఫ్రీ స్పిన్ల టెక్స్టులు వస్తే నొక్కకుండా 7726కి (అక్కర్లేని టెక్స్టుల మీద ఫోన్ కంపెనీకి ఫిర్యాదు చేసే నంబరు) ఫార్వర్డ్ చేయండి. సైట్ వివరాలు కమిషన్‌కి పంపండి. ఇలాంటి సైట్‌తో బ్యాంకు దగ్గర డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏ కారణం కింద ఫిర్యాదు పెట్టారో కింద రాయండి. మా ఫిర్యాదుకి బ్యాంకు ఈ వారంలోనే జవాబు ఇవ్వాలి.