ఏసీ లేని కారు, ఏసీ ఉన్న గది

రెండు రోజుల ప్రయాణంలో ఏసీ పేరు చెప్పి డబ్బు కట్టింది ఒక్కచోటే. నలుగురం ఉడికిపోయిందీ అక్కడే. మిగతా 600 కిలోమీటర్లు, రానూపోనూ, ఏసీ లేని 1998 మోడల్ చిన్న కారులో తిరిగాం. అదీ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. కారు మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్కటుంది, అది తర్వాత చెప్తా.

నల్గొండ నుంచి ఆలంపూర్ వెళ్లాం. అత్తమ్మకు జోగులాంబ మొక్కు ఉంది. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల మా వాడు, అత్తమ్మ. చలికాలంలో ఎవరికీ కుదరలేదు, బడికి సెలవులంటే మే నెలే. కిరాయికి ఏసీ కారు మాట్లాడదామని మా ఆవిడ ముందే అన్నది. అడిగితే రెండు రోజులకు 9,500, డ్రైవర్ బత్తా వేరే అన్నారు. మన కారైతే పెట్రోలు 3,700 దాటదని లెక్క చెప్పాను. (3,640 అయింది.) ఆమె ఏమీ అనలేదు గానీ, రెండు విసనకర్రలు నాకు కనబడేలా సంచిలో పైన పెట్టింది.

ఇలాంటి బండితో ఎండాకాలం తెల్లవారుజామునే బయల్దేరి పదకొండు లోపు నీడ పట్టుకోవాలి. మేము నాలుగున్నరకు అనుకుని ఏడుంపావుకు కదిలాం. అత్తమ్మ పులిహోర కలుపుతానన్నది, చింతపండు నానలేదు. కొండమల్లేపల్లిలో బత్తాయి రసం, గ్లాసు 40. కల్వకుర్తి దాకా ఇబ్బందేమీ లేదు.

కల్వకుర్తి దాటాక గాలి మారింది. ఒంటి వేడి 37 డిగ్రీలు. బయటి గాలి అంతకంటే వేడెక్కాక కిటికీ ఎంత తెరిచినా పొయ్యి ఊదినట్టే ఉంటుంది. అప్పుడు తడి తువ్వాళ్లు తీశాం. వెనక కిటికీ అద్దం సగం దించి, తలుపు తీసి, తువ్వాలు తడిపి తలుపు పైఅంచు మీద వేసి, ఆ సందుకి అడ్డంగా వేలాడేలా తలుపు మూసి బిగించాలి. ముందు కిటికీలకు మాత్రం వద్దు, పక్క అద్దాలు కనబడవు. మా వైపు పొడి గాలి కాబట్టి తువ్వాలు పావుగంటలో ఆరిపోతుంది. అది ఆరుతున్నంతసేపూ లోపలికి వచ్చే గాలి చల్లగా తగులుతుంది. కూలర్ చేసే పనీ ఇదే. బందరులో ఉండే మా తోడల్లుడు ఇదే చేసి నన్ను తిట్టాడు. అక్కడ గాలే తడి, తువ్వాలు ఆరితే కదా! మాకు పావుగంటకోసారి తడపడానికి రెండు రోజుల్లో 20 లీటర్ల క్యాన్లు రెండు పట్టాయి, ఒక్కోటి 20 రూపాయలు. సీట్ల మీద నూలు దుప్పట్లు పరిచాను, రెగ్జిన్ మీద కూర్చుంటే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. మర్చిపోయింది సీటు బెల్టు బకెల్‌ని. మా వాడి మోచేతికి తగిలి రూపాయి బిళ్లంత ఎర్రబడింది. అప్పటి నుంచి బండి ఆపినప్పుడల్లా దాని మీద రుమాలు కప్పడం వాడి డ్యూటీ.

జడ్చర్లలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఇంజన్ వేడి చూపించే సూది ఎర్ర గీత వైపు పాకుతోంది. హీటర్ ఫుల్లుగా తిప్పాను. ఇంజన్ వేడి కొంత హీటర్‌లోకి లాగేస్తే రేడియేటర్‌కు భారం తగ్గుతుంది, సూది దిగింది. అయితే ఆ వేడంతా మన కాళ్ల మీదికే వస్తుంది.

"ఎండలకాలం హీటర్ ఏందయ్యా? మమ్ముల ఉడకబెడ్తవా?" అన్నది అత్తమ్మ.

"ఇంజన్ కోసం అత్తమ్మా, రెండు నిమిషాలు."

"ఇంజన్‌కు మొక్కలే, అమ్మవారికి మొక్కిన."

మా ఆవిడ విసనకర్ర తీసింది. తల్లికి విసిరింది, కొడుక్కి విసిరింది. నా వైపు రాలేదు.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూశాం. ఊడలు దిగి ఎకరాల మేర పరుచుకున్న ఆ మర్రికి 2018లో చెద పట్టి కొమ్మలు కూలుతుంటే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. మా వాడికి చెట్టు కన్నా ఆ సంగతే నచ్చింది.

ఇక లాడ్జి. పేరు చెప్పను. ఏసీ గది 1,900, నాన్ ఏసీ 1,000. పొద్దంతా కాలిన ప్రాణాలు, 900 దగ్గర కక్కుర్తి ఎందుకని ఏసీ తీసుకున్నాను. డబ్బు ముందే కట్టించుకున్నారు. మూడో అంతస్తు, పైన ఇంకేమీ లేదు, ఎండకు కాగిన స్లాబే. రిమోట్ నొక్కితే 18 అని చూపించింది, గాలి కూడా వచ్చింది. గంట గడిచినా చల్లదనం మాత్రం రాలేదు. కిందికి ఫోన్ చేస్తే కౌంటర్ కుర్రాడు, "రూమ్ వేడి పట్టింది సార్, జరసేపట్ల చల్లబడ్తది" అన్నాడు. ఇంకో గంటకు "ఓల్టేజీ డౌన్ ఉంది సార్." తొమ్మిదింటికి నేనే బాల్కనీలోకి వెళ్లి చూశాను. ఏసీ బయటి పెట్టె ఫ్యాన్ తిరగడం లేదు. దాని మీద పుల్లలు, చీపురు ఈనెలు, ఒక బిస్కెట్ కాగితం పేర్చిన గూడు. మీదున్న పావురం ఎగిరి పిట్టగోడ మీద వాలింది. గూట్లో రెండు తెల్లటి గుడ్లు. కంప్రెసర్ ఆడుతుంటే ఆ అదురుకి పావురం అక్కడ కాపురం పెడుతుందా? ఆ ఏసీ ఆగిపోయి రోజులు అయి ఉంటుంది, ఆ సంగతి లాడ్జి వాళ్లకంటే ముందు పావురానికి తెలిసింది.

ఫోటో తీసి కిందికి వెళ్లి చూపించాను. కుర్రాడు ఫోటో చూసి నవ్వాడు, "పాపం సార్, గుడ్లున్నయ్" అన్నాడు. వేరే గది ఇవ్వమంటే ఫుల్ అన్నాడు. అతని వెనక బోర్డుకు పన్నెండు తాళంచెవులు వేలాడుతున్నాయి, నేను లెక్కపెట్టాను. నాన్ ఏసీ రేటు తీసుకోండంటే, "స్విచ్ ఏసిన్రు కద సార్, ఏసీ చార్జి పడ్తది" అన్నాడు. చివరికి 200 తీసుకుని కూలర్ పంపాడు. అందులో గడ్డి ఎండి రాలుతోంది, నీళ్లు పైకెక్కించే మోటారు పనిచేయదు. అది విసిరే వేడి గాలిలో గడ్డిపరకలు మా వాడి పక్క మీద పడుతున్నాయి. పదకొండున్నరకు మా ఆవిడ లేచి కారులోని తడి తువ్వాళ్లు తెప్పించి గది కిటికీకి కట్టింది. "2,100 పెట్టి మన కారులోనే పడుకున్నట్టుంది" అన్నది. ఆ రోజు నాతో ఆమె మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అది.

లాడ్జిలో డబ్బు కట్టే ముందు ఏసీ వేయించండి. పది నిమిషాలాగి బయటి పెట్టె దగ్గర చెయ్యి పెట్టండి. అక్కడి నుంచి వేడి గాలి కొడుతుంటేనే లోపల చల్లబడుతుంది. లోపలి గాలిని, రిమోట్ మీద అంకెను నమ్మొద్దు.

కోపానికి నిద్ర పట్టక నాలుగున్నరకే బయల్దేరాం. ఆ కోపం మేలే చేసింది. భూత్పూర్ దగ్గర పెద్ద హైవే ఎక్కితే బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేసరికి తెల్లారింది. అద్దాలన్నీ దించాం, గాలి చల్లగా కొట్టింది. మా ఆవిడ నాకు ఫ్లాస్కులోంచి టీ పోసింది.

ఆలంపూర్‌లో ఏడింటికల్లా ఉంటే రాళ్లు కాళ్లకు చల్లగా ఉంటాయి. పదయ్యాక చెప్పుల్లేకుండా గంతులే. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, ఏడో శతాబ్దం. పేరుకు బ్రహ్మలే గానీ లోపల ఉన్నది శివుడు. తీరిక లేకపోతే స్వర్గబ్రహ్మ గుడి చుట్టూ ఒక్కసారైనా తిరగండి. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి విప్పుకొచ్చి కట్టిన సంగమేశ్వరాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. జోగులాంబ గుడి చుట్టూ నీళ్లుంటాయి. అమ్మవారిది ఉగ్రరూపం, ఆ వేడి చల్లారడానికే ఆ నీళ్లని చెప్తారు. అత్తమ్మ దండం పెట్టుకుని వచ్చి, "అమ్మవారికి కూడ నీ తువ్వాల లెక్కనే" అన్నది. ఇరవై ఏళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

ఇప్పుడు కారు మీద ఆ ఫిర్యాదు. తిరుగు దారిలో కొత్తకోట దగ్గర ముంజలకని ఆపాం, డజను 80. పది నిమిషాల తర్వాత బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. మధ్యాహ్నం పన్నెండున్నర. ఎదురుగా వేపచెట్టు కింద పంక్చర్ షాపు. నడిపే ఆయనకు అరవై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద వేలు ఆనించి వెంటనే తీసేశాడు. "బండికి దూపైంది సార్. జర ఆగుండ్రి" అని తన తలపాగా విప్పి తొట్టిలో ముంచి పంపు మీద చుట్టాడు. ఆవిరి బుస్సుమంది.

బండి నడుస్తున్నంతసేపు గాలి తగులుతుంది, చల్లటి పెట్రోలు వస్తూ ఉంటుంది. ఆపగానే ఇంజన్ వేడంతా పైకొచ్చి పంపులో, పైపుల్లో ఉన్న పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు పెట్రోలును లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. మాలాంటి పాత కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌లోకి పంపే భాగం) బళ్లకే ఈ రోగం. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఇది దాదాపు రాదు. ఎండలో ఆపాల్సి వస్తే నీడ చూసి ఆపి, బానెట్ ఎత్తి పెట్టండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు.

ఇరవై నిమిషాలు చెట్టు కిందే కూర్చున్నాం. ఆయన భార్య కుండలో సల్ల తెచ్చి ఇచ్చింది, ఉప్పు, వాము వేసి. మా ఆవిడ మూడు గ్లాసులు తాగింది. బండి ఒక్క సెల్ఫుకే అందుకుంది. ఎంతివ్వాలంటే "నీళ్లకు పైసలేంది సార్" అన్నాడు. బలవంతంగా వంద పెట్టాను, యాభై తిరిగిచ్చాడు. తలపాగా మళ్లీ తడిపి తలకు చుట్టుకున్నాడు, పెట్రోలు వాసనతోనే.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆ గుడ్లు పిల్లలయ్యాయేమో లాడ్జికి ఫోన్ చేసి కనుక్కోమని మా వాడు మూడు రోజులుగా వెంటపడుతున్నాడు. రేపు చేస్తా. పనిలో పనిగా ఆ కూలర్ 200 సంగతి కూడా అడుగుతా.