డాంగిల్ ఉన్న డీటీపీ సిస్టమ్‌లో విండోస్ 11 వేయిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చెన్నైలో తెలుగు డీటీపీ చేసుకునే మనవాళ్లందరికీ చెబుతున్నాను. మీ పాత తెలుగు ఫాంట్ సాఫ్ట్‌వేర్ డాంగిల్ (సిస్టమ్‌కి తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరం) పెడితేనే నడిచే రకమైతే, ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో అబౌట్ తెరిచి సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ అని ఉందా, 64 బిట్ అని ఉందా చూసుకోండి. నేను చూసుకోలేదు, నాది 32 బిట్.

మాది వడపళనిలో చిన్న సెంటర్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, బ్యాంకు పనులు కూడా దాంట్లోనే చేస్తాను, టెన్షన్ పట్టుకుని సిస్టమ్‌ని రిచీ స్ట్రీట్‌లో ఒక షాపుకి మోసుకెళ్లాను. ఎనిమిదో జనరేషన్ ఐ3, టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ ఉంది, 11 పడుతుందన్నాడు. అది నిజమే. "మీ సాఫ్ట్‌వేర్లు ఎక్కడివక్కడే ఉంటాయి మేడమ్, నచ్చకపోతే పది రోజుల్లోపు మళ్లీ 10కి వెళ్లిపోవచ్చు" అన్నాడు. ఇదే నన్ను ముంచింది.

విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. 32 బిట్ విండోస్ మీద నేరుగా 64 బిట్ వేయడం కుదరదు, మొత్తం తీసేసి కొత్తగా వేయాల్సిందే. అతను చేసింది అదే, నాకొక్క మాట చెప్పకుండా సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశాడు. ఇక ఆ పది రోజుల అవకాశం ఎక్కడిది, అది పాత విండోస్ ఫైళ్లు డిస్కులో మిగిలి ఉంటేనే పనిచేస్తుంది.

డి డ్రైవ్‌లో పనులు భద్రంగా ఉన్నాయి, ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి ఒక పెళ్లి కార్డు తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ప్లస్సులు, బ్రాకెట్లు. మన పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, ఫాంట్ లేకపోతే ఫైలు అలాగే కనిపిస్తుంది. సరే, సీడీ పెట్టి మళ్లీ వేద్దామనుకుంటే డాంగిల్‌ని సిస్టమ్ గుర్తించడం లేదు. మామూలు 32 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో చాలావరకు నడుస్తాయి, కానీ డ్రైవర్ (పరికరాన్ని విండోస్ గుర్తించేలా చేసే ప్రోగ్రాము) మాత్రం 64 బిట్‌దే ఉండాలి, నా డాంగిల్‌కి ఉన్నది 32 బిట్ డ్రైవర్ ఒక్కటే. ఎదురుగా ముహూర్తం దగ్గర పడిన కార్డులు మూడు, ఆ రాత్రి నిద్ర లేదు.

షాపుకెళ్లి అడిగితే "డ్రైవర్ మా బాధ్యత కాదు" అన్నాడు. లైసెన్సుకని నా దగ్గర విడిగా డబ్బు తీసుకున్నాడు చూడండి, ఒరిజినల్ విండోస్ 10 ఉన్నవాళ్లకి 11 ఉచితమే, నాది ఒరిజినలే. అదీ తిరిగివ్వలేదు.

మీరు ఎక్కడ చేయించినా పాత డిస్కుని ముట్టుకోవద్దని, కొత్త ఎస్ఎస్‌డీలో వేయమని గట్టిగా చెప్పండి. పాతది బయటికి తీసి దగ్గర పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు. బిల్లు మీద "ఫార్మాట్ చేయరాదు" అని రాయించుకోండి. కంగారుపడి పరుగెత్తాల్సిన పని కూడా లేదు, సపోర్ట్ ఆగినంత మాత్రాన విండోస్ 10 ఆగిపోదు, ఇళ్లలో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలు కూడా మైక్రోసాఫ్ట్ పెట్టింది.

ప్రస్తుతం నెల్లూరు నుంచి మా బావగారి పాత సిస్టమ్ తెప్పించుకుని, నెట్ కేబుల్ పీకేసి, కార్డులన్నీ దాని మీదే చేస్తున్నాను. డాంగిల్‌కి 64 బిట్ డ్రైవర్ కంపెనీ నుంచి తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా అడిగారో దయచేసి చెప్పండి.