హర్గిలా గమోసా కొంటున్నారా? ముందు తిప్పి చూడండి

ముందు బట్ట సంగతి చెప్తాను. గమోసా అంటే అస్సాం వాళ్ల తువ్వాలు. తెల్లటి నూలు గుడ్డ, ఎర్ర అంచు, రెండు కొసల్లోనూ పొడవాటి ముక్కూ మెడ కింద వేలాడే సంచీతో హర్గిలా కొంగ బొమ్మ. పోయిన చలికాలం గువాహటి వెళ్లినప్పుడు కొన్నాను, నాలుగైదు ఉతుకులకి కూడా రంగు దిగలేదు, పైగా మెత్తబడింది.

అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక చోట తెప్పించుకుని మోసపోయాను. ఫోటోలో నేత చూపించి అచ్చు వేసింది పంపారు, రెండో ఉతుక్కే వెలిసిపోయింది. కాబట్టి వెనక్కి తిప్పి చూడండి. నేసిన బొమ్మైతే వెనక దారాలు కనిపిస్తాయి, అచ్చుదైతే రంగు మరక లీలగా ఉంటుంది, అంతే.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ కొంగ బట్ట మీదకి రావడానికి ఒకామె జీవితంలో సగం పట్టింది. హర్గిలా అంటే ఎముకలు మింగేది. చెత్తకుప్పల్లో తింటుంది, గూటి కింద కంపు, దాంతో అపశకునమని అస్సాం ఊళ్లలో గూళ్లున్న చెట్లు కొట్టేసేవాళ్లు. 2007లో పీహెచ్‌డీ చేస్తున్న పూర్ణిమాదేవి బర్మన్, ఈ కొంగల గూళ్లున్న చెట్టుని నరికేయడం చూసి చదువు పక్కన పెట్టేశారు (అది పూర్తయింది 2019లో!). జనానికి ఉపన్యాసాలివ్వలేదు, ఆడవాళ్లని కూడగట్టారు, గూడు కట్టే కాలంలో కొంగలకి సీమంతాలు చేయించారు, మగ్గాలూ నూలూ ఇప్పించి ఆ పక్షినే నేయించారు. మా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతుల్ని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, అస్సాంలో ఆ ప్రేమని మొదటినుంచీ పుట్టించాల్సి వచ్చింది. ఇప్పుడు హర్గిలా సేన అనే ఆ ఆడవాళ్ల బృందంలో 10 వేల మందికి పైగా ఉన్నారు. కామరూప్ జిల్లాలో దదరా, పచరియా, సింగిమారి ఊళ్లలో 28 ఉన్న గూళ్లు 250 దాటాయి. పూర్ణిమాదేవికి 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం, 2024లో వన్యప్రాణి సంరక్షకులకిచ్చే విట్లీ గోల్డ్ అవార్డు వచ్చాయి. పక్షుల సంరక్షణలో పెద్ద స్థాయిలో పనిచేయాలంటే ఏ కోర్సు చదవాలని మా తమ్ముడి కూతురు అడిగితే, ఈ గమోసా చేతిలో పెట్టి కథంతా చెప్పాను, ఆ పిల్ల ఒక గంట కదల్లేదు.

ఒక్క ఇబ్బంది ఉంది, అడగ్గానే దొరకదు, చేత్తో నేయాలి కదా. ఇంకో రెండు చెప్పాను, నెల పడుతుందన్నారు. ఆగుతాను.