ఫ్రిజ్ ప్లగ్ పొరపాటున ఆగిపోకుండా: కన్ఫర్మేషనా, స్విచ్ తీసేయడమా?

కరెంట్ ఎంత తింటుందో చూద్దామని ఫ్రిజ్‌కి స్మార్ట్ ప్లగ్ పెట్టాను. ఈ వేసవిలో ఒక రాత్రి మా ఇంట్లో ఎవరో ఫోన్‌లో హాల్ లైటు ఆపబోయి, దాని కిందున్న ఫ్రిజ్ బటన్ తాకారు. పొద్దున్నకి పాలు విరిగాయి, దోసెల పిండి పులిసిపోయింది. అవి పోతే పోయాయి, నాన్నగారి ఇన్సులిన్ పెన్నులూ అందులోనే ఉన్నాయి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రంతా లోపల ఎంత వేడెక్కిందో తెలియదు కాబట్టి అన్నీ పడేసి కొత్తవి తెచ్చాం.

హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా అడిగేది కూడా ఇదే: చెయ్యి తగిలి ఆగిపోకుండా ఏం చేయాలి?

అందరికీ ముందు తట్టేది కన్ఫర్మేషన్. డ్యాష్‌బోర్డులో ఆ ప్లగ్ బటన్ ఉండే కార్డుకి, తాకితే ఏం జరగాలో చెప్పే ట్యాప్ యాక్షన్‌లో ఒక్క లైను రాస్తే చాలు, తాకగానే "నిజంగానా?" అని అడుగుతుంది. నేనూ మొదట అదే పెట్టాను. అయితే ఆ ప్రశ్న వచ్చేది ఆ కార్డు మీద తాకినప్పుడే. వివరాల పెట్టె తెరిచి అక్కడి స్విచ్ నొక్కితే అడగదు. గూగుల్ హోమ్‌కి ఆ ప్లగ్‌ని ఇచ్చి ఉంటే "అన్నీ ఆపు" అన్న మాటకి అదీ ఆగిపోవచ్చు. ప్లగ్ కంపెనీ సొంత యాప్ సంగతి సరేసరి. పైగా రోజూ అడిగే ప్రశ్నకి వేలు అలవాటు పడిపోతుంది, వారం తిరిగేసరికి చదవకుండానే ఓకే నొక్కేస్తాం.

ఆగిన వెంటనే తిరిగి ఆన్ చేసే ఆటోమేషన్ రాయమని కొందరంటారు. అక్వేరియం గాలి పంపుకి అది బాగానే పనిచేస్తుంది. ఫ్రిజ్‌కి మాత్రం వద్దు. ఆగిన కంప్రెసర్‌కి కనీసం 3 నిమిషాలు విరామం ఇవ్వాలి, లోపలి పీడనం సర్దుకోకముందే మళ్లీ ఆన్ చేస్తే మోటారు మీద భారం పడుతుంది. ఆటోమేషన్‌లో ఆ ఆలస్యం పెట్టుకోవచ్చు, కానీ ఆ సమయానికి హోమ్ అసిస్టెంట్ నడుస్తున్న కంప్యూటరే ఆగిపోయి ఉంటే?

చివరికి నన్ను నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: ఈ ఫ్రిజ్‌ని ఫోన్ నుంచి ఆపాల్సిన అవసరం ఎప్పుడైనా వచ్చిందా? ఒక్కసారి కూడా రాలేదు. నాకు కావలసింది వాట్ల లెక్క మాత్రమే. అందుకే హోమ్ అసిస్టెంట్‌లో ప్లగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్విచ్ ఎంటిటీని (ప్లగ్‌లో ఆన్, ఆఫ్ చేసే భాగాన్ని) డిసేబుల్ చేశాను. పవర్, ఎనర్జీ సెన్సార్లు ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. డ్యాష్‌బోర్డులో తాకడానికి బటనే లేదు, హోమ్ అసిస్టెంట్ ద్వారా మాటతో ఆపడానికీ, ఆటోమేషన్ పొరపాటున ఆపేయడానికీ ఏమీ మిగల్లేదు. టాస్మోటా (ప్లగ్ లోపల కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి బదులు వేసుకునేది) ఉన్న ప్లగ్ అయితే ఇంకా గట్టి దారి ఉంది: పవర్‌ఆన్‌స్టేట్ 4 అని పెడితే రిలే, అంటే ప్లగ్ లోపలి స్విచ్, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఏ ఆదేశానికీ కదలదు.

డిసేబుల్ చేసే ముందు ఒక పని మర్చిపోకండి. కరెంట్ పోయి వచ్చాక ప్లగ్ ఆన్‌లోకి రావాలని దాని సెట్టింగ్‌లో చూసుకోండి. అది ఆఫ్ అని ఉంటే, కోత తర్వాత ఫ్రిజ్ ఆగిపోయే ఉంటుంది, ఫోన్‌లో ఆన్ చేయడానికి బటన్ ఉండదు.

వైఫై రౌటర్ ప్లగ్‌కీ ఇదే నా సలహా. దాన్ని ఫోన్‌లో ఆపితే, తిరిగి ఆన్ చేసే ఆదేశం చేరడానికి వైఫై ఉండదు.

గీజరు, సంపు మోటారు సంగతి వేరు, వాటిని నిజంగానే ఫోన్‌తో నడుపుతాం. వాటికి కన్ఫర్మేషనే సరైనది. దానితోపాటు గీజరు 20 నిమిషాల తర్వాత దానంతట అదే ఆగేలా ఆటోమేషన్ పెట్టాను, ఎందుకంటే అక్కడ భయం పొరపాటున ఆన్ అవుతుందనే.

చైల్డ్ లాక్ ప్లగ్ మీది బటన్‌కే, యాప్‌కి కాదు. పిల్లలకి వేరే డ్యాష్‌బోర్డు ఇవ్వడం మంచిదే, పెద్దల వేళ్లకి అది పనికిరాదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ ప్లగ్ రెండు గంటలపాటు కంప్రెసర్ తిరిగిన జాడ చూపించకపోతే నా ఫోన్‌కీ, అమ్మ ఫోన్‌కీ మెసేజ్ వస్తుంది. మా ఫ్రిజ్‌లో కంప్రెసర్ గంటకి ఒక్కసారైనా తిరుగుతుంది కాబట్టి ఆ గడువు పెట్టాను. మీది ఎంతసేపు ఆగుతుందో ఒకరోజు గ్రాఫ్ చూసి పెట్టుకోండి.